దిగిందన్న మాట

దుమ్ము 97వ రోజు
బయట: మీటరుకు 36 కిలోవోల్టులు. ఇంటి లోపల: మీటరుకు 212 వోల్టులు.

సంఘం నుంచి కాగితం వచ్చింది. ఇవాళ్టి నుంచి పది రోజులు నా ఇంటి కొలతలు నేనే తీసి వేరే పుస్తకంలో రాసి ఇవ్వాలి. ఆ పుస్తకంలో అంకెలే ఉండాలి. మిగతావి ఇక్కడ, నా సొంత పుస్తకంలో రాసుకుంటున్నాను.

సొంత ఇల్లు కదా, ఇంకెవరినైనా పెట్టమని అడిగాను. "నాలుగో పంజరానికి కొలతల గుమాస్తా నువ్వే. నీ అంకె మీద మాకు అనుమానం లేదు సార్" అన్నాడు సంఘం పెద్ద కుళ్లాయప్ప.

106వ రోజున విచారణ. నా భార్య నాగరత్న ఎలా చనిపోయిందన్నది విషయం. మా ఇంటి ముందరి దించుగదిలో భూమి తీగ ఆ రోజు పనిచేసిందా, లేదా? చెయ్యలేదని తేలితే తీగల మనిషి మద్దిలేటి పంజరం వదిలి బయటి లైను పనికి పోవాలి. రెండేళ్లు. రెండేళ్లూ ఉండి తిరిగి వచ్చినవాళ్లను నేను ముగ్గురిని చూశాను.

ఇంటి లోపల కొలత సున్నా ఉండాలి. ఇళ్లన్నిటినీ కప్పిన ఈ తీగల వల పంజరంలో నూట నలభై ఇళ్లలో సున్నాయే. మా ఇంట్లో 38వ రోజు నుంచి సున్నా రాలేదు. రత్నకు నిప్పంటుకున్నది ఆ రోజే. తీగ ఆ రోజు చెడిపోయిందనడానికి ఇంతకంటే ఏం కావాలని అందరూ అంటున్నారు.

పక్కింటి ఖాజాబమ్మ జొన్నరొట్టె, పప్పు పంపింది. మా ఇంట్లో స్టవ్ వెలిగించి అరవై రోజులు కావొస్తోంది.

దుమ్ము 98వ రోజు
బయట: 41. లోపల: 212.

పొద్దున బయటి స్తంభం దాకా వెళ్లి కొలత చూసుకొచ్చాను. గాలిలో తేమ మూడు శాతం. ఎర్రదుమ్ము కణానికి కణం రాసుకుంటూ పోతోంది, తల మీద వెంట్రుకలు నిలబడ్డాయి.

బయటికి వెళ్తే రబ్బరు బూట్లు తప్పవు. పిడుగు పడితే నేలలో పాకుతుంది. కానీ ఆ బూట్లే ఒంటికెక్కిన విద్యుత్ ఆవేశాన్ని నేలలోకి దిగనివ్వవు. గంట తిరిగితే మనిషి ముప్పై వేల వోల్టుల ఎత్తుకు ఎక్కుతాడు. "ఎత్తు" రత్న మాట. బడిలో పిల్లలకు పొటెన్షియల్ అలాగే చెప్పేది. "ఇద్దరూ మిద్దె మీదుండి చేతులు పట్టుకుంటే ఎవరికీ ఏం కాదు. ఇద్దరూ కింద ఉన్నా ఏం కాదు. ఒకరు మిద్దె మీద, ఒకరు కింద ఉండి చెయ్యి చాపితేనే చిక్కు."

అందుకే ప్రతి ఇంటికీ ముందు దించుగది. ఇత్తడి పిడి పట్టుకుని, మూడు లెక్కపెట్టి, "దిగింది" అని లోపలికి వినపడేలా చెప్పాలి. ఆ మాట విన్నాకే లోపలివాళ్లు తలుపు తీస్తారు. ఈ పంజరంలో పిల్లలు అమ్మ, అత్త తర్వాత నేర్చుకునే మాట అదే. దారిలో ఎదురైనా "బాగుండావా" అనరు, "దించుకుంటివా" అంటారు.

పిడి పట్టుకున్నాను. పది దాకా లెక్కపెట్టాను. "దిగింది" అన్నాను. తలుపు నేనే తీసుకున్నాను.

దుమ్ము 99వ రోజు
బయట: 22. లోపల: 211.

మద్దిలేటి వచ్చాడు. విచారణలోపు ఒకసారి తీగ చూసుకునే హక్కు అతనికుంది. పిడి విప్పాడు, తీగ ఆ చివర నుంచి ఈ చివర దాకా వేళ్లతో తడిమాడు, నేలలోకి పోయే చోట ఉప్పుమట్టి తవ్వి చూశాడు. గంటన్నర పట్టింది. నేను పక్కనే నిలబడ్డాను.

"మూడు ఓములు సార్. కొత్త పెండ్లికూతురి మాదిరి ఉండాది తీగ" అన్నాడు.

"రాసుకుంటాను."

"రాసుకో. కానీ నీ మీటరు ఒప్పుకోదు కదా. ఇరవై రెండేళ్లు ఈ వల కుట్టితి నేను. ఒక్క కన్ను తెగినా నిద్రలోనే తెలిసేది. నాకు తెలియకుండ ఇంట్లోకి రెండు వందల వోల్టులు యాడినుంచి వస్తాయి?"

మూడు ఓములని పుస్తకంలో రాసుకున్నాను.

"టీచరమ్మ ఉంటే అడుగుదును. ఆయమ్మైతే కనుక్కునేది" అన్నాడు. అని నాలుక కరుచుకున్నాడు. మట్టి తిరిగి పూడ్చి, చెయ్యి తుడుచుకుని వెళ్లిపోయాడు. మంచినీళ్లు ఇవ్వాలన్న సంగతి అతను వెళ్లాక గుర్తొచ్చింది.

దుమ్ము 100వ రోజు
బయట: 58. లోపల: 211.

నిన్న బయట 22. ఇవాళ 58. లోపల మాత్రం కదలలేదు.

పాత కొలతలన్నీ తీసి పక్కపక్కన పెట్టి చూశాను. 38వ రోజు లోపల 231. 60వ రోజు 223. 80వ రోజు 217. బయట దుమ్ము ఎగిరినా పడుకున్నా లోపలి అంకెకు పట్టడం లేదు. నెమ్మదిగా, తనంతట తాను తగ్గుతోంది.

తీగ చెడి, వల తెగి ఉంటే బయటి క్షేత్రం లోపలికి వచ్చేది. బయట పెరిగిన రోజు లోపల పెరిగేది. అలా లేదు. పంజరం సరిగ్గానే ఉంది. బయట ఎంత ఆవేశం ఉన్నా దాని క్షేత్రపు గీత ఒక్కటి కూడా లోపలికి రావడం లేదు.

అయితే ఈ 211 లోపలిదే. ఇంట్లో ఏదో ఉంది.

ఈ రెండు వరుసలూ కలిపి చూసేది నేనొక్కణ్ణే. అరవై రోజులుగా చూడలేదు. చూడాలనిపించలేదని రాస్తే నిజానికి దగ్గరగా ఉంటుంది.

దుమ్ము 101వ రోజు
బయట: 49. లోపల: 211.

చేతి మీటరు పట్టుకుని ఇల్లంతా కొలిచాను. మా ఇల్లు ఒక పెట్టె. నాలుగు మీటర్ల పొడవు, మూడు వెడల్పు, మూడు ఎత్తు. నేల, కప్పు, నాలుగు గోడలు కలిపి అరవై ఆరు చదరాలు. ఒక్కో చదరం దగ్గర ఆగి, గోడకు ఎదురుగా మీటరు పెట్టి, గీతలు లోపలికా బయటికా, ఎంత బలంగా అని రాసుకున్నాను. కప్పు కోసం బల్ల ఎక్కాను.

ఇది రత్న పాఠమే. చివరి బెంచీవాళ్లు కూడా మరిచిపోని పాఠం. "గదిలోకి పోకుండ గదిలో ఎవరుండారో ఎట్ల తెలుస్తాది? గోడల్ని అడగండి. ఎన్ని గీతలు లోపలికి పోయినాయి, ఎన్ని బయటికొచ్చినాయి, లెక్క తీయండి. సరిపోతే లోపల ఏం లేదు. తేడా వస్తే, తేడా ఎంతో లోపల అంత ఆవేశం ఉండాది." ఒక పిల్లవాడు లేచి, "మా నాయనకు శానా ఆవేశం టీచర్" అన్నాడట. "అయితే నాయన కాలికి తీగ కట్టి భూమికి కలపండి" అందట. ఆ రాత్రి అన్నం తింటూ చెప్పి, పొలమారేలా నవ్వింది.

అరవై ఆరు అంకెలూ కూడికేశాను. అన్నీ లోపలికే. మొత్తం ఫ్లక్స్, అంటే లోపలికి పోయిన గీతల లెక్క, పదిహేను వేల ఎనిమిది వందలు. అంటే లోపల ఋణావేశం, మైక్రోకూలంబులో ఏడో వంతు. చెంచాడు కూడా కాదు.

తర్వాత ఇంటిని ఊహలో రెండుగా కోశాను. వంటింటి వైపు సగానికి మళ్లీ కొలిచాను. ఎంత వచ్చిందో అంత పోయింది. సున్నా. మిగిలిన సగాన్ని మళ్లీ కోశాను. మంచం ఉన్న భాగం సున్నా. ఇంకోసారి. ఇంకోసారి.

సాయంత్రానికి మిగిలిన పెట్టె దించుగది గోడకు ఆనుకుని ఉన్న రత్న చెక్క అలమార.

తెరవలేదు.

దుమ్ము 102వ రోజు
బయట: 44. లోపల: 210.

38వ రోజున కూడా బయట 44.

ఆ రోజు నేను స్తంభం దగ్గర్నుంచి వస్తూ స్టోరులో బొరుగులు తీసుకున్నాను. మధ్యాహ్నం మా ఇంట్లో పిల్లలకు పాఠం ఉంది, వాటితో ఉగ్గాణి చేసి పెడతానని రత్న మాటిచ్చింది. కుడిచేతిలో మీటరు. ఎడమచేతిలో బొరుగుల సంచి. పిడి పట్టుకోవాలంటే ఏదో ఒకటి కింద పెట్టాలి. వంగడానికి బద్ధకమేసింది.

"దిగింది" అన్నాను.

అంతకుముందు కూడా అలా అన్నాను. ఒకసారి కాదు. మహా అయితే వేలి చివర చురుక్కుమనేది. రత్న చెయ్యి విదిలించుకుని, "పట్టుకుంటివా, ఉత్తగనే అంటివా" అని నవ్వేది. కొన్నిసార్లు తలుపు తీయకముందే అడిగేది. ఆ రోజు అడగలేదు. పిల్లలొచ్చే వేళవుతోంది. పాఠానికి కావాల్సిన ఇత్తడి పళ్లేన్ని స్పిరిట్‌తో తుడుస్తోంది. ఆ తడిగుడ్డ చేతిలో ఉండగానే తలుపు తీసి, సంచి అందుకోవడానికి చెయ్యి చాపింది.

నిప్పురవ్వ పొడుగు చిటికెన వేలంత. చప్పుడు చాలా చిన్నది.

పిల్లలకు ఆవేశం చూపించడానికి వాడే కంబళి ముక్క బల్ల మీద ఉంది. దాంతోనే మంట ఆర్పాను. ఆరేసరికి ఆలస్యమైంది.

ఆసుపత్రిలో తొమ్మిది రోజులుంది. నాలుగో రోజున కుళ్లాయప్ప వచ్చి అడిగాడు. రత్న కళ్లు తెరిచి నా వైపు చూసి, "పట్టుకున్నాడు. నేను చూసినా" అంది. మూసిన తలుపు వెనక నుంచి ఎలా చూసిందని అతను అడగలేదు. చావబోయే మనిషి మాట. అలాగే రాసుకున్నాడు.

రత్న నాకు తెలిసి చెప్పిన అబద్ధం అదొక్కటే. నేను పట్టుకుంటే మరి తీగ చెడ్డదవ్వాలి. తీగ చెడ్డదైతే మద్దిలేటి పోవాలి. అంత దూరం ఆలోచించే స్థితిలో లేదు. ఆలోచించి ఉంటే చెప్పేది కాదు. నేను ఆలోచించే స్థితిలోనే ఉన్నాను.

దుమ్ము 103వ రోజు
బయట: 47. లోపల: 210.

అలమార తెరిచాను.

పై అరలో ఆమె చీరలు. వాటి కింద అరలో లక్క బిళ్ళ. దోసె పెనమంత ఉంటుంది. తను లక్క కరిగించి పోసి చేసుకున్నది. దాన్ని కంబళితో రుద్దితే బిళ్ళకు ఋణావేశం, కంబళికి ధనావేశం. రెండూ సమానం. రెండింటినీ ఒకే పెట్టెలో పెట్టి కొలిస్తే సున్నా. పాఠం అయ్యాక దీపం వెలిగించి బిళ్ళను మంటకు పైన రెండుసార్లు తిప్పేది. మంటలోంచి లేచే గాలి ఆవేశాన్ని మోసుకుపోతుంది. పిల్లలంతా "దిగింది" అని అరిచేవాళ్లు. ఆవేశమున్న వస్తువును ఇంట్లో దాచకూడదన్నది పంజరం నియమం. రత్న ఎప్పుడూ తప్పలేదు.

ఆ రోజు పొద్దున బిళ్ళ పనిచేస్తుందో లేదో రుద్ది చూసుకుని, పాఠం దాకా అరలో పెట్టినట్టుంది. పాఠం జరగలేదు. దీపం చూపించేవాళ్లు లేకపోయారు. దాని జత కంబళిలో ఉండేది. ఆ కంబళి కాలిపోయింది.

బిళ్ళ మీద సన్నటి దుమ్ము పట్టి ఉంది. ఆవేశం ఉన్న చోటల్లా దుమ్ము అంటుకుంది. రుద్దిన ప్రతి రుద్దూ కనిపిస్తోంది, మధ్య నుంచి అంచుకు, కొంచెం వంపుగా. ఆమెది ఎడమచేతి వాటం. కుడి అంచున మాత్రం నాలుగు చోట్ల దుమ్ము లేదు. నున్నగా, నల్లగా. బిళ్ళ పట్టుకున్న వేళ్లవి. వేళ్లు తగిలిన చోట ఆవేశం ఒంట్లోకి దిగిపోతుంది కదా.

నాలుగో వేలు కొంచెం ఎడంగా ఉంది. చిన్నప్పుడు తలుపు సందులో పడి వంకర పోయిన వేలు.

తలుపు మూశాను. ముట్టుకోలేదు.

దుమ్ము 104వ రోజు
బయట: 64. లోపల: 210.

ఈ ఏడాదికి ఇదే ఎక్కువ. వల మీద నీలంగా మెరుస్తోంది. ఎవరూ బయటికి వెళ్లలేదు.

మధ్యాహ్నం ఖాజాబమ్మ రెండిళ్లనూ కలిపే లోపలి దారిన వచ్చింది. అన్నం గిన్నె బల్ల మీద పెట్టి కూర్చుంది. మామూలుగా కూర్చోదు.

"మద్దిలేటి పెండ్లాం సామాను సర్దుతాండాది" అంది.

"విచారణ కాలేదు కదా."

"అయ్యేదేముంది. నీ మీటరు చెప్పె. రత్న చెప్పె. వాడు చెప్పిందెవరు వింటారు?" గిన్నె మూత తీసి మళ్లీ పెట్టింది. "ఓబులేసూ, నీ పెండ్లాం నాతో ఏమనేదో తెలుసా? మా ఆయన దేవుడసుంటోడు అమ్మా, కానీ ఉత్త సోమరి, పిడి పట్టుకోకనే దిగింది అంటాడు, ఒక దినం కర్రతో కొడతా అనేది. నవ్వుతానే అనేది."

బల్ల మీది కొలతల పుస్తకం మూశాను.

"నేను ఎవురికీ చెప్పలా. ఆ పొద్దు ఆసుపత్రిలో కూడ పక్కనే ఉండా. ఆయమ్మ అట్ల చెప్పినాక నేనేం చెప్పేది? సచ్చేటప్పుడు మొగుణ్ణి దాచిపెట్టుకునె. నేను బయటేస్తే పాపం కదా అనుకుంటి." లేచింది. "అరవై దినాలాయె. నువ్వు చెప్తావులే అని చూస్తాండా. అన్నం సల్లారిపోతాది, తిను."

తిన్నాను.

దుమ్ము 105వ రోజు
బయట: 51. లోపల: 209.

లెక్క వేశాను. ఇప్పుడు తగ్గే తీరు చూస్తే రెండేళ్లలో ఈ అంకె మూడో వంతుకు పడిపోతుంది. ఇంకో రెండేళ్లకు మీటరుకు అందదు. అలమార తెరవకుండా, నోరు తెరవకుండా ఉంటే చాలు. బిళ్ళ తనంతట తాను ఖాళీ అవుతుంది. ఆ వేళ్లు అన్నాళ్లూ అక్కడే ఉంటాయి.

మద్దిలేటి శిక్ష కూడా రెండేళ్లే.

ఈ రెండు లెక్కలూ ఒకదాని పక్కన ఒకటి రాశాక పుస్తకం మూసి, మళ్లీ తెరిచాను.

బిళ్ళ చూపిస్తే తీగ మంచిదని తేలుతుంది. తీగ మంచిదైతే నిప్పు ఎక్కడిదని అడుగుతారు. బిళ్ళను దించమంటారు. రత్న మాట అబద్ధమవుతుంది, నాది అబద్ధమవుతుంది, వేళ్ల గుర్తులు పోతాయి. అన్నీ ఒకే తాడుకు కట్టి ఉన్నాయి.

సాయంత్రం దారిలో మద్దిలేటి ఎదురయ్యాడు. తన కటింగ్ ప్లేయరూ, వల కుట్టే సూదులూ చుట్టకట్టి చంకలో పెట్టుకున్నాడు. "స్టోరులో అప్పజెప్పిపోతా సార్. మళ్లొచ్చేవానికి పనికొస్తాయి" అన్నాడు. నన్ను తిట్టినా బాగుండేది.

"రేపటిదాకా ఉండనీ" అన్నాను.

"ఏమిటికి?"

"ఉండనీ మద్దిలేటీ" అన్నాను మళ్లీ.

దుమ్ము 106వ రోజు
బయట: 40. లోపల: పొద్దున 209.

విచారణ మా ఇంట్లోనే పెట్టమని కబురు పంపాను. కుళ్లాయప్ప, సంఘం మనుషులు ఇద్దరు, మద్దిలేటి, ఖాజాబమ్మ వచ్చారు. ఒక్కొక్కరే పిడి పట్టుకుని, "దిగింది" అని లోపలికి వచ్చారు. తలుపు నేను తీశాను.

మొదట రెండు వరుసల కొలతలు చూపించాను. తర్వాత అరవై ఆరు చదరాల కాగితం. కుళ్లాయప్ప కళ్లద్దాలు పెట్టుకుని అన్నీ చదివాడు. "నాకు అర్థమయ్యేటట్ల చెప్పు సార్" అన్నాడు.

"బయటి నుంచి ఏమీ రావడం లేదన్నా. ఇంట్లో ఒక వస్తువుంది. మీటరు దాన్ని చూపిస్తోంది. తీగను కాదు."

అలమార తెరిచి బిళ్ళ బయటికి తీశాను. అడుగున పట్టుకున్నాను, పైన చెయ్యి తగలకుండా. మీటరు దగ్గరికి తెస్తే ముల్లు చివరికంటా కొట్టుకుంది. దూరం జరిపితే దిగింది. మళ్లీ దగ్గరికి. సంఘం మనిషి ఒకడు "ఓర్నీ" అన్నాడు.

"దీన్ని దించాలి. అప్పుడు మీకు సున్నా కనపడుతుంది" అన్నాను.

దీపం బల్ల మీద పెట్టాను. అగ్గిపుల్ల మొదటిది విరిగింది. రెండోది వెలగలేదు. ఖాజాబమ్మ చెయ్యి చాపింది. "నేను గీస్తానియ్యి నాయనా."

వద్దన్నాను. మూడోది వెలిగింది. ఈ ఇంట్లో ఆ రోజు తర్వాత ఇదే మొదటి మంట. చూస్తూ నిలబడ్డాను. ఎవరూ తొందర పెట్టలేదు.

ఒకసారి చూసుకున్నాను, నాలుగు వేళ్లనూ. తర్వాత బిళ్ళను మంటకు పైన తిప్పాను. జానెడు ఎత్తులో, రత్న తిప్పినట్టే. ఒకసారి. రెండోసారి.

ముల్లు మెల్లగా వాలింది. సున్నా దగ్గర ఒక్కసారి ఊగి ఆగింది. గోడ మీటరు కూడా చూశాం. సున్నా.

బిళ్ళను కొంచెం వంచేసరికి దుమ్ము జారిపోయింది. అంతవరకూ ఏది పట్టుకుని ఉందో అది లేదు. నల్లటి లక్క మిగిలింది, అంతా ఒకేలా.

కుళ్లాయప్ప కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "సరే, తీగ మంచిదే. మరి నిప్పు యాడినుంచి వచ్చింది సార్?"

"నేను పిడి పట్టుకోలేదు."

"ఆయమ్మ చూసినా అనె."

"చూడలేదు. తలుపు మూసి ఉంది. నా కోసం అంది." బిళ్ళను బల్ల మీద పెట్టాను. "రెండు చేతుల్లో సామాను ఉంది. పట్టుకోకుండానే దిగింది అన్నాను. ఆమె నమ్మి తీసింది."

అంతే చెప్పాను. అంతకంటే లేదు కూడా.

మద్దిలేటి తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. "మా పాపను బడిలో ఏమంటాండారో తెలుసా సార్ నీకు? చచ్చుతీగ కూతురా అంటాండారు. టీచరమ్మ గోడకు కొట్టిన నల్లపలక మీద రాసి చూపిస్తాండారు."

"తప్పు నాది మద్దిలేటీ."

"అది నువ్వు చెప్పేదేముంది. అరవై దినాలు నా తీగ నేనే పట్టుకుని పట్టుకుని చూసుకుంటి. నాకే నమ్మకం పోయె." చంకలోని సూదుల చుట్ట విప్పాడు, మళ్లీ చుట్టాడు. వెళ్లేటప్పుడు దించుగదిలో ఆగి, ఇత్తడి పిడిని భుజం మీది గుడ్డతో ఒకసారి తుడిచి వెళ్లాడు.

తీర్పు అక్కడే చెప్పారు. అబద్ధపు "దిగింది"కి పంజరంలో ఒకటే శిక్ష, మాట రద్దు. ఏడాది పాటు నా మాట మీద ఎవరూ తలుపు తీయరు. తలుపు సందులోంచి రాగికర్ర బయట పెడతారు. అది నేను పట్టుకున్నాక తీస్తారు. కొలతల పుస్తకం కూడా తీసుకున్నారు. "ప్రాణం పోతే ఏం చెయ్యాల్నో నియమాల్లో లేదు. రాసినోళ్లకు ఆ ఊహ తట్టలేదు సార్" అన్నాడు కుళ్లాయప్ప. ఈసారి ‘సార్’ అన్నప్పుడు నా ముఖంలోకి చూడలేదు.

రత్న చెప్పిన మాట కొట్టేసి పక్కన నిజం రాయమన్నాడు. నేనే రాశాను. ఆమె పేరు మీద గీత పడకుండా రాశాను.

దుమ్ము 107వ రోజు
బయట: తెలియదు. నా పని కాదు. లోపల: 0.

పొద్దున స్టవ్ వెలిగించాను. ఆనాటి బొరుగుల సంచి వంటింటి మూల అలాగే ఉంది. మెత్తబడలేదు, ఈ గాలికి ఏదీ మెత్తబడదు. నీళ్లలో తడిపి పిండేసి, ఉల్లిపాయ, పచ్చిమిరప తాలింపులో వేశాను. పుట్నాల పొడి ఎక్కువైంది.

సగం ఖాజాబమ్మ గిన్నెలో పెట్టుకుని బయటి దారిన వెళ్లాను. లోపలి దారిన వెళ్లొచ్చు. వెళ్లలేదు. ఆమె దించుగదిలో గిన్నె కింద పెట్టాను. వంగి పెట్టాను. పిడి పట్టుకుని మూడు లెక్కపెట్టాను.

"దిగింది."

లోపల అడుగుల చప్పుడు. సందులోంచి రాగికర్ర చివర బయటికొచ్చింది. కర్ర వెనక నుంచి ఆమె గొంతు.

"పట్టుకుంటివా, ఉత్తగనే అంటివా?"

ఆ మాట ఆమె రత్న దగ్గర విన్నదే అయ్యుండాలి. కర్ర పట్టుకున్నాను. చురుక్కుమనలేదు.

"పట్టుకున్నానమ్మా" అన్నాను.